సభయు సభ్యులును

‘సభ’ యను మాటకు మన పూర్వులు చెప్పిన వ్యుత్పత్తులలో నొకటి మిక్కిలి యర్థవంతమైనది. ‘స’ యనగా కూడి, ‘భా’ యనగా వెలుగుట. పలువురు కూడి వెలుగు చోటు సభ యని దాని తాత్పర్యము. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు దీని నంగీకరింతురో లేదో కాని, ఋగ్వేదకాలమునుండియు వాడుకలో నున్న యీ మాటనుండియే ‘సభ్యుడు’, ‘సభ్యత’ యను పదములు మనకు లభించినవి. నాగరికత యను మాట నగరమునుండి పుట్టినది. సభ్యత యను మాట సభనుండి పుట్టినది. నగరములో నివసించినంతమాత్రమున నాగరికుడు కావచ్చును గాని, సభ్యుడగుటకు నలుగురిలో కూర్చుండి యొకరి మాట వినుటయు, తన మాట చెప్పుటయు నేర్వవలెను.

హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరములలో ఏ సాయంకాలమైనను ఎక్కడనో యొకచోట సభ జరుగుచునే యుండును. పుస్తకావిష్కరణము, సంగీతకచేరి, నాటకము, అష్టావధానము, ముషాయిరా, మహనీయుల జయంతి, వర్ధంతి - ఏదో యొక పేరున జనులు కూడుచునే యుందురు. వీనికి పోవుట వినోదమనియు, పోలేకపోయిన వచ్చు నష్టమేమియు లేదనియు మన గృహస్థులలో చాలమంది యభిప్రాయము. నే నీ యభిప్రాయముతో నేకీభవింపను. ఈ నగరములో తెలుగువాడు నిండుసభలో లేచి తన భాషలో నిర్భయముగ మాటాడుట యూరకే లభించిన భాగ్యము కాదు. దానికొక చరిత్ర కలదు. ఆ చరిత్రలో నొక యవమానమును కలదు. ఆ చరిత్ర నెరిగినవారు సభకు పోవుటను వినోదమని తలపజాలరు.

మన దేశమున సభను గూర్చిన మొదటి గొప్ప విచారణ మహాభారతమున సభాపర్వమునందు కానవచ్చును. ద్రౌపది కురుసభలో నొక ప్రశ్న నడిగినది. ధర్మరాజు ముందుగ తన్నోడెనా, నన్నోడెనా యని యామె యడిగినది. ఆ సభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు. ధర్మము సూక్ష్మమని భీష్ముడు తప్పించుకొనెను. తక్కిన పెద్దలు తల వంచుకొనిరి. దుర్యోధనుని తమ్ములలో నొకడైన వికర్ణుడు మాత్రము లేచి యామె పక్షమున మాటాడెను. వానిని చిన్నవాడవని కర్ణుడు గద్దించెను. సభలోని పీఠము లెంత యున్నతములో, అలంకారము లెంత గొప్పవో మనకిప్పు డక్కరలేదు. అడిగినవారికి సమాధానము దొరకెనా, మాటాడినవానికి మర్యాద జరిగెనా యనునదియే యా సభకు మిగిలిన కీర్తియో యపకీర్తియో. మన నగర సభలను గూడ ఈ కొలతతోనే కొలిచి చూడవలెను.

సికిందరాబాదు మొదట దండువిడిది. 1798నాటి సంధి ననుసరించి ఆంగ్లేయుల సైన్యము హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున విడిసెను. 1806లో నిజాము సికందర్ జా పేరిట ఈ విడిది సికిందరాబాదైనది. దండుతో పాటు మదరాసునుండి గుమాస్తాలు, వర్తకులు, గుత్తేదార్లు వచ్చిరి. వారితో ఇంగ్లీషు చదువును వచ్చినది. 1862లో సోమసుందరం మొదలియారు స్థాపించిన పాఠశాల తరువాత మహబూబు కళాశాల యను పేరున వర్ధిల్లెను. ఆ కళాశాలలో 1893 ఫిబ్రవరి 13వ తేదీన స్వామి వివేకానందుడు పాశ్చాత్య దేశములకు తాను పోదలచిన కారణమును గూర్చి యుపన్యసించెను. అప్పటికి చికాగో సర్వమత సభ జరుగుటకు ఇంకను ఏడు నెలలున్నవి. ఆ సన్న్యాసి పేరు లోకమున కింకను తెలియదు. ఐనను సుమారు వేయిమంది విన వచ్చిరి. జంటనగరములలో జరిగిన బహిరంగోపన్యాసములలో మనము గర్వముతో తలచుకొనదగినవానిలో నిది యొకటి.

కాని యొక సంగతి మరువరాదు. ఆ యుపన్యాసము ఇంగ్లీషులో జరిగినది. వినినవారు ఇంగ్లీషు వచ్చిన వేయిమంది. అక్కడికి నాలుగైదు కోసుల దూరమున కాప్రా చెరువుక్రింద వరి నాటు రైతునకు, మౌలాలీ గుట్టలలో రాయి కొట్టు కూలివానికి ఆ సభ లేదు. ఇది వక్త లోపము కాదు, నిర్వాహకుల లోపమును కాదు. ఆనాడు సభకు భాష ఇంగ్లీషు. హైదరాబాదు నగరములో దర్బారునకు భాష ఉర్దూ. తెలుగు ఇంటి భాషయు, పొలము భాషయునై మిగిలియుండెను. రాజ్యములో నధికసంఖ్యాకుల మాతృభాష తెలుగే యైనను, అది నలుగురు పెద్దమనుష్యులు కూడినచోట వినబడునది కాదు.

ఈ స్థితిని మార్చుటకు మొదటి గట్టి ప్రయత్నము 1901 సెప్టెంబరు 1వ తేదీన జరిగినది. ఆనాడు హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల జమీందారు రాజా నాయని వేంకటరంగారావుగారు దానికి ప్రాణము పోసిరి. తరువాత నది సుల్తాను బజారులో స్వంత భవనమున నెలకొనెను. 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెలసెను. ఈ సంస్థలు పేరునకు గ్రంథాలయములే గాని, పనికి సభామందిరములు. పత్రిక చదువుట కని వచ్చినవారు కూర్చుండి మాటాడుకొనిరి. ఆ మాటలే యుపన్యాసములైనవి.

సుల్తాను బజారు ప్రాంతమున నిట్టి సంస్థలు బలపడుటకు కారణము లేకపోలేదు. అప్పు డా బజారు బ్రిటిషు రెసిడెంటు పాలనలో నుండెను. 1933లోగాని యది నిజాము ప్రభుత్వమునకు తిరిగి రాలేదు. సికిందరాబాదును అట్టిదే. నిజాము ప్రభుత్వపు సీమలో సభ జరుపుటకు ముందుగ ననుమతి పొందవలెనను నిర్బంధము తరువాతి కాలమున ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అను పేర ప్రసిద్ధి కెక్కినది. మతసభ కాదు, రాజకీయసభ కాదు, గ్రంథాలయ సభకైనను అధికారి యనుమతి కొరకు కాచుకొని యుండవలసిన రోజులవి. నేడు మనము ఆహ్వానపత్రిక చూచి, పోవుదమా మానుదమా యని సోమరితనముతో నాలోచించు సాయంకాలములకు వెనుక ఇట్టి రోజులున్నవి.

చదువుకొన్నవారు గ్రంథాలయములలో సభలు జరుపుచున్న కాలముననే మరియొక మహాపురుషుడు సభను జనుల యొద్దకే తీసికొనిపోయెను. ఆయన భాగ్యరెడ్డివర్మగారు. 1888లో జన్మించిన ఆయన 1906లో హైదరాబాదున జగన్మిత్రమండలిని స్థాపించి, అస్పృశ్యులని సంఘము దూరముంచిన వారి వాడలలో హరికథలు చెప్పించెను. చదువు రానివారికి పుస్తక మిచ్చి ప్రయోజనము లేదు. కథ చెప్పిన వినగలరు. ఆ కథలతో కలిపి మద్యపానము, బాల్యవివాహము మున్నగు దురాచారములను విడువవలెనని బోధించెను. 1910లో ఇసామియా బజారులో వారి బిడ్డలకొరకు తెలుగు పాఠశాల తెరచెను. ఇంగ్లీషు సభలో చోటు లేనివారికి, పండితుల సభలో చోటు లేనివారికి ఆయన హరికథయే సభ యైనది. సంస్కర్తలలో పలువురు సభలో నేమి చెప్పవలెనని యాలోచించుచుండగా, సభ యెక్కడ జరుపవలెనని యాలోచించినవారిలో ఆయన ముందువరుసలోనివాడు.

ఇక అవమానము సంగతి. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలయందు సంఘసంస్కార మహాసభ జరిగెను. అధ్యక్షులు స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన ధొండో కేశవ కర్వే పండితులు; 1916లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిన మహాత్ముడాయన. ఉపన్యాసములు ఇంగ్లీషునను, ఉర్దూనను, మరాఠీనను సాగినవి. 12వ తేదీన ఆలంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది యొక తీర్మానముపై మాటాడుటకు లేచి, తెలుగున నారంభించెను. సభలో కొంద రల్లరి చేసిరి, పరిహసించిరి. ఆయన మాట సాగలేదు.

ఈ ఘట్టమును తలచుకొన్నప్పుడు మనము గమనింపవలసినవి రెండు. మొదటిది, ఆ సభ సంస్కారసభ. స్త్రీలకు, అనాథలకు, అణగినవారికి న్యాయము జరుగవలెనని కూడినవారే తమ యెదుట లేచిన యొక భాషను చూచి నవ్విరి. మంచి యుద్దేశముతో కూడినంతమాత్రమున సభ సభ్యము కాదని దీనివలన తెలియుచున్నది. రెండవది, మరాఠీ సోదరులను ద్వేషించుటకు దీని నొక సాధనముగ చేసికొనరాదు. ఆ వివేకవర్ధినీ విద్యాసంస్థను 1907లో నెలకొల్పి ఈ నగరమునకు విద్యాదానము చేసినవారు వారే. దోషము ఒక జాతిది కాదు; బలము గల భాష బలము లేని భాషను వినుటకు నిరాకరించుట లోకమంతట నున్న దోషము. నేడు తెలుగు సభలలో లంబాడీ భాష మాటాడు వృద్ధురాలు లేచినయెడల మన మేమి చేయుదుమో ఎవరికి వారు హృదయముపై చేయిపెట్టుకొని చెప్పుకొనవలెను.

నాటి సభనుండి తెలుగువారు లేచి వచ్చిరి. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కూడిరి. వచ్చినవారు పదిమందికి కొంచె మెక్కువ. తమ్ము నవ్వినవారిని తిరిగి నవ్వవలెనని గాని, వారి సభను చెరుపవలెనని గాని వా రాలోచింపలేదు. తమకొక సంఘము కావలెననుకొనిరి. అదియే ఆంధ్రజనసంఘము. మాడపాటి హనుమంతరావుగారు దాని భారమును వహించి నడపిరి. ఆ చరిత్రను ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ అను గ్రంథమున తామే వ్రాసి మనకిచ్చిరి. ఆ సంఘము పెట్టుకొన్న పనులు చూడుడు: గ్రంథాలయములు, పఠనమందిరములు స్థాపించుట, తాళపత్రములను, శాసనములను సేకరించుట, విద్యార్థులకు తోడ్పడుట. క్రమముగ నది వెట్టిచాకిరిని గూర్చియు మాటాడినది. ఒక న్యాయవాది నోరు నొక్కినందున పుట్టిన సంఘము నోరులేని వెట్టివాని పక్షమున నిలిచినది. అవమానమును సత్కార్యముగ మార్చుకొనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము నాకు మన చరిత్రలో కనబడదు.

ఆ పిమ్మట జరిగిన సంగతులు పాఠకులలో పలువు రెరిగినవే. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులే లేరని యొక పండితుడు వ్రాయగా, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి, కోపముతో కాక గ్రంథముతో సమాధానము చెప్పిరి. 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల వెలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునం దుర్దూ బోధనభాషగ నున్న కాలమది. 1930 మార్చిలో మెదకు సీమలోని జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. దానితో పాటుగ నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను ఆంధ్ర మహిళాసభయు జరిగినది. తొమ్మిదేండ్ల క్రిందట నగరములో నొక తెలుగు పురుషుని మాట సాగలేదు; తొమ్మిదేండ్లకు ఒక చిన్న పట్టణములో తెలుగు స్త్రీ యధ్యక్షపీఠము నెక్కి మాటాడినది. 1943 మే 26వ తేదీన హైదరాబాదులో నిజాంరాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు స్థాపితమై, పరీక్షలు పెట్టి, ఊరూర తెలుగు చదువునకు దోవ చూపినది.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. ఆ పిమ్మట సభలకు కొరతలేదు, శాలలకును కొరతలేదు. రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సందర్భమున కట్టిన రవీంద్రభారతిని 1961 మే 11వ తేదీన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ప్రారంభించిరి. ఆ భవనమునకు రూపకల్పన చేసినది మహమ్మదు ఫయాజుద్దీన్ గారు. వంగకవి పేర, తెలుగు తత్త్వవేత్త చేతిమీదుగ, ముసల్మాను శిల్పి రచించిన మందిరము తెరువబడుట ఈ నగరమునకు తగిన శుభముహూర్తము. 1966లో చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఏర్పడినది. 1975 ఏప్రిలులో ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభ లీ నగరముననే జరిగినవి. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట 2017 డిసెంబరు 15 మొదలు 19 వరకు లాల్‌బహదూరు క్రీడాప్రాంగణమున ప్రపంచ తెలుగు మహాసభలు మరల జరిగినవి. 1921లో పదిమందికి కొంచె మెక్కువగ నొక యింట కూడినవారి మనుమలకు ఒక క్రీడాప్రాంగణమే సభాస్థలమైనది.

కావున చరిత్ర జయముతో ముగిసినదని సంతృప్తి పొందవచ్చునా? నేను సికిందరాబాదునకు ఈశాన్యముననున్న కాప్రాలో వసించువాడను. నగరసభలకు తరచుగ పోవువాడను. అక్కడ నేను చూచినదానినిబట్టి, మాటాడు స్వాతంత్ర్యము లభించినదే గాని, సభ్యత యింకను సంపాదింపవలసియే యున్నదని చెప్పక తప్పదు.

మా కాప్రా చెరువు నానుకొనియున్న పల్లె. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా జనులు ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచు ప్రభుత్వ సంస్థ, ఇక్కడ నెలకొన్న పిమ్మట దేశము నలుమూలలనుండి ఉద్యోగులు వచ్చి చేరిరి. ఆ సంస్థకు మూలపురుషుడైన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి పేరిట ఏ.ఎస్.రావు నగరు వెలసెను. తొలుత ప్రత్యేక పురపాలక సంఘముగ నుండిన కాప్రా 2007 ఏప్రిలులో మహానగర పాలనలో కలిసిపోయెను. ఊరు నగరములో కలిసినది గాని, నగరపు సభలు ఊరిలో కలియలేదు. కాప్రానుండి రవీంద్రభారతికి పదిహేను కిలోమీటర్లకు పైగా దూరము. సాయంకాలపు రద్దీలో మౌలాలీ, తార్నాకల మీదుగ పోవుటకు గంటన్నర పట్టుట సామాన్యము. ఐదుగంటలకు పని ముగిసిన ఉద్యోగి ఆరుగంటల సభ నందుకొనజాలడు. అందుకొన్నవాడు రాత్రి యింటికి చేరునప్పటికి పదకొండు కావచ్చును.

2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు ప్రభుత్వ బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యము కలిగినది. పూర్వము ఏథెన్సు నగరములో బీదపౌరులు నాటకము చూచుటకు రుసుము ప్రభుత్వమే యిచ్చెడిదనియు, ఆ యేర్పాటు పెరిక్లీసుతో మొదలైనదనియు ప్లూటార్కు వ్రాసెను. పౌరుడు నాటకశాలకు పోవుట స్వంత విలాసము కాదు, నగరధర్మమని వారి తలంపు. మన బస్సు సౌకర్యము నాటకములకొరకు పెట్టినది కాదు. ఐనను మా కాప్రా స్త్రీలు కొందరు దానివలన నగరసభలకు రా మొదలుపెట్టిరి. బస్సు టిక్కెట్టునకు భర్తను డబ్బులడుగ నక్కరలేదు. ఈ చిన్న సంగతిలో నొక పెద్ద సంస్కారమున్నది.

కాని వారు వచ్చిన పిమ్మట ఏమి జరుగుచున్నది? ఆరుగంటలకని పత్రికలో వేసిన సభ ఏడింటికి మొదలగును. దీపము వెలిగించుట, ప్రార్థన, వేదికపైకి పది పండ్రెండుమందిని పేరు పేరున పిలుచుట, పుష్పగుచ్ఛములు, శాలువలు, జ్ఞాపికలు, ఒక్కొక్కరికి ఛాయాచిత్రము - ఇవి ముగియునప్పటికి ఎనిమిది దాటును. ఒకనా డొక సభలో ‘కన్యాశుల్కము’ను గూర్చి మంచి పండితుని ప్రసంగమని విని పోతిని. 1892లో విజయనగరమున మొదట ప్రదర్శితమై, ఆడుబిడ్డల యమ్మకమును ఎండగట్టిన నాటకమది. ఆ పండితుడు లేచునప్పటికి ఎనిమిదిన్నర. సరిగా అప్పుడే ముందువరుసలలోని స్త్రీలు ఒక్కరొక్కరుగ చేతిసంచులు సవరించుకొని లేచిరి. ఎవరిని నిందింపగలము? ఇ.సి.ఐ.ఎల్. కూడలికి పోవు బస్సు వారికొరకు వేచియుండదు. ఇంటిలో వంట వారికొరకు వేచియుండును. స్త్రీలను గూర్చిన ప్రసంగమును మిగిలిన పురుషులము వింటిమి. 1921లో ఒకరిని మాటాడనీయక సభ తప్పుచేసినది. ఇట్టి సభలు కొందరిని విననీయక తప్పుచేయుచున్నవి. ఆ తప్పు బిగ్గరగ వినబడినది. ఈ తప్పునకు చప్పుడు లేదు కావున మనకు పట్టదు.

రెండవ లోపము శ్రోతల మౌనము. ప్రసంగము ముగియగానే వందన సమర్పణము. వందన సమర్పణము ముగియగానే జాతీయగీతము. వినినవాడు సందేహ మడుగుట కొక్క నిమిషమైనను లేదు. ఇది మన సంప్రదాయము కాదు. మన అష్టావధానమును చూడుడు. అవధాని యొక్కడు, పృచ్ఛకు లెనమండుగురు. పృచ్ఛకు డనగా అడుగువాడు. నిషిద్ధాక్షరి పట్టువాడొకడు, సమస్య నిచ్చువాడొకడు, అప్రస్తుత ప్రసంగముతో చీకాకు పెట్టువాడొకడు. అడుగువారు లేనిదే అవధానమే లేదు. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములలో మెప్పు పొందినది అడిగినవారికి సమాధానము చెప్పియే గాని, శాలువ కప్పించుకొని కూర్చుండి కాదు. ఇక మన నగరపు ముషాయిరాను చూడుడు. కవి ద్విపద మొదటి పాదము చదువగానే శ్రోతలు దానిని తాము తిరిగి పలుకుదురు. నచ్చిన ‘ముకర్రర్’ అని మరల చదివింతురు. నచ్చకున్న ఊరకుందురు, ఆ యూరకుండుటయు కవికి తెలియును. ఉర్దూ తెలియని నావంటివానికి సైత మా శాలలో కూర్చుండినంతసేపు కవి యొక్కడే కాక సభ యంతయు కవిత్వము చెప్పుచున్నట్లు తోచును. అవధానము మనది, ముషాయిరా మన పొరుగువారిది. రెండును ఈ నగరమువే. రెంటినుండియు మన సభలు నేర్చుకొనవచ్చును.

మూడవ లోపము సభలన్నియు నగరమధ్యముననే జరుగుట. భాగ్యరెడ్డివర్మగారు నూటయిరువదేండ్ల క్రిందట గ్రహించిన సూత్రమును మనము మరచితిమి. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున ‘కీచకవధ’తో నారంభమైన సురభి నాటకసమాజములు తెరలు, దీపములు, బిడ్డలతో సహా ఊరూర తిరిగి డేరాలు వేసి యాడినవి, పురుషులే స్త్రీవేషములు వేయుచున్న కాలమున స్త్రీల పాత్రలను స్త్రీలచేతనే యాడించినవి. ప్రేక్షకుడు రంగస్థలమునకు రాలేకున్న రంగస్థలమే ప్రేక్షకునివద్దకు పోయినది. నేడు కాప్రా, కుషాయిగూడ, మల్కాజిగిరి వంటి ప్రాంతములలో లక్షలమంది వసించుచున్నారు. ఇక్కడ ప్రతి వీథిలో వివాహమందిర మున్నది. సాహిత్యసభకు శాల యేది? పెండ్లి లేని ఆదివారపు ఉదయమున ఆ మందిరమునే అడిగి చూడవచ్చును గదా! పాఠశాలల సమావేశమందిరములు సెలవుదినములలో తాళములు పడియున్నవి.

ఇక పిల్లల సంగతి. 2018లో తెలంగాణ శాసనసభ పాఠశాలలన్నిటిలో తెలుగు బోధన తప్పనిసరి యని శాసనము చేసినది. మంచిదే. కాని శాసనము పాఠ్యపుస్తకమును చేతికీయగలదు గాని, నిండుసభలో నలుగురు పెద్దలు తెలుగున వాదించుకొనుట వినిన యనుభవము నీయజాలదు. ఉపాధ్యాయుడనగుటచే చెప్పుచున్నాను: తరగతిలో తెలుగు మార్కులకొరకు చదువు బాలుడు, ఒకసారి యవధానము చూచి వచ్చిన పిమ్మట సమస్యాపూరణమనగా నేమో తానే యడుగును. భాష బ్రదుకుచున్నదని వానికి నమ్మకము కలిగించునది వ్యాకరణము కాదు, సభ. తల్లిదండ్రులు పుట్టినరోజు విందుల కిచ్చు సాయంకాలములలో నెల కొక్కటి సభ కీయగలిగిన చాలును.

నేను కోరునవి పెద్ద సంస్కారములు కావు. పత్రికలో వేసిన గడియకు సభ మొదలు పెట్టవలెను. ఎనిమిది గంటలకు ముగింపవలెను. ముఖ్యప్రసంగమును ముందుంచి, సన్మానములను వెనుక కుంచవలెను. శాలువ కొరకు కాచియుండగలవా రుందురు, బస్సు కాచియుండదు. ప్రతి ప్రసంగమున కనంతరము పావుగంట ప్రశ్నల కుంచవలెను. అందు మొదటి ప్రశ్న స్త్రీకో, విద్యార్థికో యీయవలెను. నగరమధ్యమున నాలుగు సభలు జరుపు సంస్థ అయిదవదానిని నగరపు టంచున జరుపవలెను. వీనికి ధనమక్కరలేదు, శాసన మక్కరలేదు. నిర్వాహకులకు కొంచెము వినయమును, శ్రోతలకు కొంచెము ధైర్యమును ఉన్న చాలును. ఆలస్యమైనప్పుడు లేచి, “అయ్యా, మా బస్సు ఎనిమిదిన్నరకు, ముందు ప్రసంగము వినిపింపుడు” అని మర్యాదగ నడుగు గృహిణి యొక్కతె చాలు, ఆ సభ మారుటకు.

ఆలంపల్లి వేంకటరామారావుగారు 1921లో లేచి నిలిచినప్పుడు ఆయన చేతిలో ఏ యధికారమును లేదు. తనకు వచ్చిన భాషలో తనకు తోచినది చెప్పవలెనని మాత్రమే లేచెను. ఆయన మాట ఆనాడు వినబడలేదు. ఆ వినబడని మాటనుండియే మన గ్రంథాలయములు, పాఠశాలలు, మహాసభలు బలము పొందినవి. ఆ ఋణము తీర్చుకొనుటకు మనకున్న దారి విగ్రహములు కాదు. సభకు సకాలమున పోవుట, శ్రద్ధతో వినుట, తెలియనిది యడుగుట, ప్రక్కనున్నవారి మాట సాగనిచ్చుట - ఇవియే దారి. ఈ పత్రికను చదువు గృహములలో వచ్చు మాసమున నొక సాయంకాలమైనను తల్లియు బిడ్డలును కూడ సభకు పోవుదురనియు, పోయినవారు ఒక్క ప్రశ్నయైన నడిగి వత్తురనియు నాకు నమ్మకము కలదు.